సాముగురువుకు సాక్షి ఎవరు?

కొల్లేటికోట పేరులో కోట ఉన్నది. యాత్రికులు పోయేది మాత్రము పెద్దింట్లమ్మ గుడికి. ఫాల్గుణమాసపు తిరునాళ్లకు వచ్చిన జనము అమ్మవారిని దర్శించి, నాలుగు వైపుల నీటిని చూచి, తిరిగిపోతారు. ఆ కోటను కాచిన భటులకు కత్తి పట్టుట నేర్పినది ఎవరని అడిగేవారు అరుదు. రాజుల పేర్లు శాసనములలో నిలిచినవి. మంత్రుల పేర్లు కావ్యముల అవతారికలలో నిలిచినవి. సాము నేర్పిన గురువు పేరు నిలువవలసినది శిష్యుని నోటనే. ఆ నోరు మూతపడిన నాడు పేరు కూడ పోయినది. ఈ ప్రసంగము ఆ గురువును గురించినది. అతడు గురువగుటకు అర్హుడని నిర్ణయించినవారు ఎవరు? నకిలీ గురువును లోకము ఎట్లు పోల్చుకొన్నది?

కొల్లేటిసీమకు కత్తి కొత్త కాదు. కుళమునకు చెందిన తెలింగ భీముని కొండలకు తరిమినట్లు 12వ శతాబ్దికి చెందిన విక్రమచోళుని ప్రశస్తి చెప్పుకొన్నది. ఆ కుళమే మన కొలను అని చరిత్రకారుల అభిప్రాయము. 13వ శతాబ్దిలో కాకతి గణపతిదేవుని కొలువులోని ఇందులూరి సోమమంత్రి కొలనును జయించి, కొలని సోమమంత్రిగా ప్రసిద్ధి కెక్కినాడు. గెలిచిన ఊరే ఇంటిపేరైనది. కాని ప్రశస్తి గెలిచినవాడు వ్రాయించుకొన్న పత్రము. ఓడినవాని మాట అందులో ఉండదు. బిరుదు ధరించినవాడే ఆ బిరుదుకు సాక్షి అయినచో, దానిని కీర్తి అనవచ్చును గాని పరీక్ష అనరాదు.

పరీక్ష లేకపోలేదు. దానికి గుర్తు మన భాషలోనే ఉన్నది. సాము అను మాట శ్రమ నుండి వచ్చినది. మల్లునికి మనము వాడే జెట్టి శబ్దము జ్యేష్ఠ శబ్దభవము. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున మల్లవినోదమను ప్రకరణము కలదు. అందు మల్లులను వయస్సును, బలమును బట్టి జ్యేష్ఠికుడు, అంతర్జ్యేష్ఠికుడు, గోవళుడు అని విభజించినారు. వారి ఆహారమును, నిత్యాభ్యాసమును కూడ నిర్దేశించినారు. అనగా ఎనిమిదివందల ఏండ్లకు పూర్వమే ఈ దేశములో మల్లవిద్యకు తరగతులున్నవి. ఏ మల్లుడు ఏ తరగతివాడో తేల్చునది రంగస్థలము. అక్కడ రాజు చూచుచుండెను, ప్రజలు చూచుచుండిరి.

విజయనగరములో ఆ రాజు తానే సాము చేసినవాడు. 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వర్ణించినాడు. తెల్లవారకముందే రాయలు నువ్వులనూనె త్రాగి, ఒంటికి రాచుకొని, బరువులెత్తి, చెమటతో నూనె కారిపోవు వరకు కత్తిసాము చేసి, మల్లునితో కుస్తీ పట్టి, గుఱ్ఱమెక్కి విహరించెడివాడట. తానే పట్టు పట్టిన ప్రభువును ఉత్త మాటలతో మోసగించుట సులభము కాదు. తరువాత వచ్చిన నూనిజ్ మరియొక సంగతి చెప్పినాడు. ఆ రాజ్యములో ద్వంద్వయుద్ధమునకు గొప్ప గౌరవముండెను; కాని మంత్రి అనుమతి లేనిదే ఎవరును తలపడరాదు. పౌరుషమునకు కూడ ఒక హద్దు, ఒక సాక్షి ఉండవలెనని దీని భావము.

ఈ జెట్టి విద్యను కులవృత్తిగా నిలుపుకొన్నవారు తెలుగువారే. 1909లో ప్రచురించిన తన గ్రంథములో థర్‌స్టన్, జెట్టీలు తెలుగు కులమువారని, తంజావూరి తమిళుల నడుమ నివసించుచు కూడ తెలుగే మాట్లాడుదురని వ్రాసినాడు. మైసూరు దసరాలో తలలు నున్నగా గొరిగించుకొని వజ్రముష్టి ధరించి పోరాడే జెట్టీలు ప్రసిద్ధులు. నేటికిని విజయదశమినాడు మైసూరు కోటలో ఆ పోరు జరుగుచున్నది. తొలి నెత్తుటిచుక్క కనబడగానే పోరు ఆగవలెను. ఆపుట చేతగానివాడు అక్కడ జెట్టి కాడు.

తెలుగుదేశములో జెట్టీలు నరముల నొప్పులకు తైలములు రాచి, మర్దనము చేసి, వైద్యము చేయుదురని కూడ థర్‌స్టన్ నమోదు చేసినాడు. ఇది చిన్న సంగతి కాదు. కీలు తప్పించుట నేర్చినవాడు కీలు సరిచేయుట కూడ ఎరిగి ఉండవలెను. శిష్యుని దేహమునకు కలుగు హానికి గురువే జవాబుదారి. అదే విద్య మఱొక దారి పట్టిన దినములు కూడ ఉన్నవి. టిప్పు సుల్తాను కాలములో జెట్టీలచేత బందీల మెడలు విరిపించి చంపించినట్లు ఆనాటి ఆంగ్లేయుల రచనలు చెప్పుచున్నవి. చేతిబలము అదే, పట్టు అదే. లోపించినది గౌరవము. కనుక నైపుణ్యమొక్కటే గురువుకు యోగ్యత కాజాలదు.

తరువాతి యుగములో జెట్టి ప్రక్కన వస్తాదు వచ్చి నిలిచినాడు. పారసీకపు ఉస్తాదు మన నోట వస్తాదైనది. దానితో తాలింఖానా కూడ మన ఊళ్లలో వెలసినది. ఏలూరు సర్కారు 1753లో ఫ్రెంచివారికిని, 1766 సంధి తరువాత ఇంగ్లీషు కంపెనీకిని చిక్కినది. 1802లో శాశ్వత పరిష్కారము ఆరంభమైనది. జమీందారులు పేష్కషు చెల్లించేవారుగా మిగిలినారు; సైన్యమును పోషించు హక్కు వారికి పోయినది. 1878 ఆయుధచట్టము కత్తికి లైసెన్సు పెట్టినది. కఱ్ఱకు లైసెన్సు లేదు. అందుచేత దసరా ఊరేగింపులలోను, పీర్ల పండుగలోను కఱ్ఱసాము నిలిచినది. కాని ఒక మార్పు వచ్చినది. యుద్ధము లేదు, వస్తాదు యోగ్యతను తేల్చు రాజు లేడు. మిగిలిన సాక్షులు ఇద్దరే: గురుపరంపర, ఊరిజనము.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. 1540లో ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ లండనులోని కత్తిసాము గురువుల సంఘమునకు అధికారపత్రమిచ్చినాడు. అర్హత లేకయే గురువులమని చెప్పుకొని సొమ్ము గుంజేవారిని అదుపు చేయుట దాని ఉద్దేశము. ఆ సంఘములో పై తరగతి కోరినవాడు బహిరంగస్థలములో, జనుల యెదుట, పలు ఆయుధములతో పోరాడి నెగ్గవలెను. జపానులో జూడో స్థాపకుడు కనో జిగోరో 1883లో తొలి డాన్ పట్టములిచ్చినాడు. ఆ పద్ధతిని 1924లో ఫునకోషి గిచిన్ కరాటేలో ప్రవేశపెట్టినాడు. ప్రాచీనమని మనము తలచు కరాటే నల్లపట్టీకి నూరేండ్లు దాటి ఎంతో కాలము కాలేదు.

మన దేశములో పాత సాక్షికిని, కొత్త పత్రమునకును నడుమ నిలిచినవాడు కోడి రామమూర్తినాయుడు. వీరఘట్టములో జన్మించి, విజయనగరములో పినతండ్రి యింట పెరిగి, అక్కడ సాము చేసినాడు. పిదప మద్రాసులో వ్యాయామశిక్షణ పొంది, ఉపాధ్యాయుడగుటకు యోగ్యతాపత్రము తెచ్చుకొని, తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామము నేర్పినాడు. తరువాత సర్కసు స్థాపించి, ఇనుపగొలుసులు తెంచి, గుండెపై ఏనుగును నిలుపుకొని దేశదేశములలో కీర్తి గడించినాడు. 1942లో ఆయన మరణించినాడు. ఆయనను కలియుగభీముడని తలచుకొనేవారిలో ఆ మద్రాసు పత్రమును ఎరిగినవారు ఎందరు? అట్లని పత్రము వ్యర్థమనరాదు. పాఠశాలకు పత్రము కావలెను. లోకమునకు ప్రదర్శన కావలెను. ఆయనకు రెండును ఉన్నవి. రెండింటికిని అడుగున పినతండ్రి యింట ఏండ్ల తరబడి చేసిన సాము ఉన్నది.

నేడు ఏలూరులోను, తాడేపల్లిగూడెములోను కూడ పిల్లలు తెల్లని దుస్తులు ధరించి కరాటే నేర్చుకొనుచున్నారు. సంతోషించవలసిన విషయము. గోడమీద పత్రములు వ్రేలాడుచుండును, నడుమున పట్టీ ఉండును. పత్రము అచ్చు వేయించుట కష్టము కాదు; పట్టీ అంగడిలో దొరకును. చేర్పించేది కన్నబిడ్డను గనుక తలిదండ్రులు అడుగుటకు సంకోచింపరాదు. తమరు ఎవరి వద్ద నేర్చినారు? ఎవరి యెదుట పరీక్షకు నిలిచినారు? బిడ్డకు దెబ్బ తగిలినచో ఏమి చేయుదురు? మంచి గురువు ఈ ప్రశ్నలకు నొచ్చుకొనడు. తన గురువు పేరు చెప్పు అవకాశము వచ్చినందుకు సంతోషించును. ఎవడు అడిగినంతనే అవమానమని మండిపడునో, వానిని గురించి మఱొకమారు ఆలోచించవలెను. అడిగినంతనే పోవు గౌరవము గౌరవము కాదు.

కొల్లేటికోట భటులకు కత్తి నేర్పిన గురువు ఏ పత్రమును మిగుల్చుకొనలేదు. అతని శిష్యులు కోటను కాచిన దినములే అతనికి సాక్ష్యము. నేటి గురువుకును తుదిసాక్షి శిష్యుడే: వాని చేతికి వచ్చిన బలమే కాదు, ఆ చేతిని ఎక్కడ ఆపవలెనో తెలిసిన వాని వివేకము కూడ.