పుంజా, పెట్టా?

బొబ్బిలి యుద్ధం గురించి ఎవరు మాట్లాడినా కోడిపందెం దగ్గర కాసేపు ఆగుతారు. 1757 జనవరి 24న కోట కూలడానికి కారణాలు వేరే: రెండు సంస్థానాల పాత పగ, నీళ్ల తగాదాలు, శిస్తుల కోసం వచ్చిన బుస్సీ, అతని ఫిరంగులు. అయినా జనం చెప్పుకునే కథలో పుంజుకి చోటు దొరికింది. కుక్కుట శాస్త్రమూ దాని వైపే. డేగ, కాకి, నెమలి అని రంగులు విడదీసి ఏ రోజు ఏది గెలుస్తుందో చెబుతుంది. అంటే ఆ శాస్త్రం మొదలయ్యేది పుంజు ఎదిగాకే. గంప కింద కిచకిచలాడే పదిహేను రోజుల పిల్లల్లో పుంజేదో, పెట్టేదో? అది గంప ఎత్తే ఆడవాళ్ల పని కనక దాన్నెవరూ శాస్త్రం అనలేదని నా అనుమానం.

వాళ్లకిది చిన్న ప్రశ్న కాదు. పెట్ట అయితే గుడ్లు, పొదుగు, మళ్లీ పిల్లలు. పుంజయితే పండక్కి కూర, అమ్మవారి మొక్కు, లేదంటే పందెంవాళ్లిచ్చే డబ్బు.

గుడ్డు ఆకారం చూసి చెప్పొచ్చన్న నమ్మకం చాలా పాతది. మొనదేలిన గుడ్డులోంచి పెట్ట వస్తుందని అరిస్టాటిల్ అంటే, కాదు పుంజని రోమన్ రైతు కొలుమెల్లా అన్నాడు. ఇద్దరిదీ తప్పే. కోళ్లలో ఆడా మగా తేల్చేది తల్లి ఇచ్చే క్రోమోజోము. పెంకు కట్టకముందే ఆ సంగతి తేలిపోతుంది.

పుట్టిన రోజే చెప్పగలిగింది జపాన్ వాళ్లు. పిల్లని తలకిందులుగా పట్టుకుని, మలద్వారం లోపలి చిన్న బుడిపెని చూసే పద్ధతిని మసుయి, హషిమోతో 1927లో ఒట్టావా ప్రపంచ కోళ్ల మహాసభలో వివరించారు. శిక్షణ పొందినవాళ్లు గంటకి వందల పిల్లల్ని వేరుచేస్తారు. హేచరీలకి అంతకంటే ఏం కావాలి? గుడ్ల జాతిలో పుట్టిన మగపిల్ల గుడ్డు పెట్టదు, కండ పట్టదు. అందుకే మొదటి రోజే చంపేస్తారు. (జర్మనీ 2022 నుంచి నిషేధించింది.) కొన్ని మాత్రం గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసుకుని వీధుల్లో అమ్మకానికొస్తాయి. సిరిమాను జాతరలో నేను ముచ్చటపడి కొనిపించుకున్నది అలాంటిదేనని చాలా ఏళ్లకి తెలిసింది.

పెరటి కోళ్లకి ఆ తొందర లేదు. ఆరేడు వారాలకి పుంజుపిల్ల నెత్తిమీద జుట్టు ఎర్రబడుతుంది, కాళ్లు లావెక్కుతాయి. ఇంకొన్నాళ్లకి మెడమీద, తోక మొదట్లో ఈకలు మొనదేలి మెరుస్తాయి. పెట్టకవి గుండ్రంగానే ఉంటాయి. అసీల్ రక్తం కలిసినవాటితోనే చిక్కు. వాటి జుట్టు పుంజుకైనా పొట్టిగా, నెత్తికి అతుక్కున్నట్టుంటుంది. అప్పుడు నిలబడే తీరు, కాలి లావు చూడాలి.

బొబ్బిలి దగ్గర పల్లెలో మా అమ్మమ్మని ఎన్నిసార్లడిగానో. "తొందరేటిరా? కూతకొస్తే అదే సెప్తాది" అనేది. కానీ సంతకి గంప కట్టేటప్పుడు, ఇంకా ఒక్కటీ కూతకి రాకముందే, ఏవి అమ్మాలో ఏవి ఉంచుకోవాలో చకచకా వేరుచేసేది.