మూసిన తలుపులా, కాపలా ద్వారాలా? – చైనా, జపానుల సముద్ర విధానాలు

చైనా, జపాను దేశాలు కొన్ని శతాబ్దాల పాటు బయటి ప్రపంచానికి తలుపులు మూసుకొన్నాయన్న అభిప్రాయం చరిత్ర రచనలో స్థిరపడింది. ఆ తలుపులు ఎవరికి మూశారు, ఎవరికి తెరిచి ఉంచారు అని ప్రశ్నించుకొంటే ఈ అభిప్రాయాన్ని సవరించుకోవలసి వస్తుంది.

మింగ్ వంశ స్థాపకుడు హొంగ్‌వూ చక్రవర్తి 1371లో తీరవాసుల సముద్రయానాన్ని నిషేధించాడు. అయితే ఆ వంశపు ఏలుబడిలోనే 1405–1433 మధ్య జంగ్ హ నాయకత్వంలో రాజనౌకలు ఆఫ్రికా తీరం వరకు వెళ్లాయి. అంటే నిషేధం సముద్రానికి కాదు, రాజ్యం అదుపులో లేని వర్తకానికి. దాని భారం తీరవాసులపై పడింది. బతుకుతెరువు పోయిన వర్తకులు దొంగరవాణాకు దిగారు. 16వ శతాబ్దంలో ‘జపాను సముద్రపు దొంగలు’గా పేరుపడినవారిలో చాలామంది చైనీయులే. 1567లో నిషేధం సడలింది. 1661లో ఛింగ్ ప్రభుత్వం జంగ్ చెంగ్‌గోంగ్‌కు తీరం నుంచి సాయం అందకుండా అక్కడి ప్రజలను లోతట్టుకు తరలించింది. తైవాను లొంగిన మరుసటి ఏడు, 1684లో, ఓడరేవులు మళ్లీ తెరుచుకొన్నాయి. 1757 నుంచి పాశ్చాత్య వర్తకం కాంటన్‌కే పరిమితమైంది.

జపానులో తొకుగవా ప్రభుత్వం 1635లో స్వదేశీయుల విదేశయానాన్ని మరణశిక్షతో నిషేధించింది. షిమబరా తిరుగుబాటు అణగిన తరువాత, 1639లో, క్రైస్తవ మతవ్యాప్తి భయంతో పోర్చుగీసువారిని వెళ్లగొట్టింది. 1641 నుంచి డచ్చివారు నాగసాకిలోని దెజిమా దీవికి పరిమితమయ్యారు. చైనా వర్తకులు నాగసాకికి వస్తూనే ఉన్నారు. సుషిమా ద్వారా కొరియాతోను, సత్సుమా ద్వారా ర్యూక్యూతోను, మత్సుమయె ద్వారా ఐనులతోను సంబంధాలు కొనసాగాయి. కోరమండల్ తీరపు అద్దకపు బట్టలు సైతం డచ్చి ఓడలలో జపాను చేరి అక్కడ ‘సరసా’గా ఆదరణ పొందాయి. 1720లో గ్రంథాల దిగుమతిపై ఆంక్షలు సడలాయి. 1774లో సుగిత గెన్‌పకు బృందం డచ్చి శరీరనిర్మాణ గ్రంథానువాదాన్ని ప్రకటించింది.

‘సకోకు’ (దేశాన్ని మూసివేయడం) అనే మాట ఈ శాసనాలు వెలువడిన నాటిది కాదు. జర్మను వైద్యుడు కెంఫర్ వ్యాసాన్ని 1801లో అనువదిస్తూ షిజుకి తదవొ దానిని రూపొందించాడు. శాసనాలకు, ఆ పేరుకు నడుమ సుమారు నూటఅరవై ఏళ్ల ఎడం ఉంది.

ఈ ఎడాన్ని గుర్తించడం పదచర్చకే పరిమితమైన విషయం కాదు. ఒక దేశాన్ని ‘మూసివున్నది’ అన్నప్పుడు దానిని బలవంతంగా ‘తెరవడం’ ఉపకారంగా కనిపిస్తుంది. 1842 నాటి నాన్‌జింగ్ సంధి, 1853లో పెర్రీ యుద్ధనౌకల రాక ఈ వెలుగులోనే తరచు వర్ణితమయ్యాయి. నిజానికి అక్కడ మారింది ద్వారానికి కాపలా ఎవరిదన్నదే. అయితే ఏలికలు విధించిన కట్టుబాట్లను కేవలం వివేకమని మెచ్చుకోవడమూ సరికాదు. ఇల్లు విడిచి కదలవలసి వచ్చిన తీరవాసికి, తిరిగివస్తే ప్రాణం దక్కని ప్రవాస జపానీయుడికి ఆ తలుపు నిజంగానే మూసుకొంది.