ఊరంతా చేతులతో మాట్లాడిన చిల్మార్క్

అమెరికాలోని మార్తాస్ వినియార్డ్ దీవిలో చిల్మార్క్ అనే ఊరు. 19వ శతాబ్దంలో అక్కడ సుమారు పాతికమందిలో ఒకరు పుట్టుకతో బధిరులు. పూర్వీకులతో వచ్చిన జన్యువు, తరతరాల దగ్గరి సంబంధాలతో ఇంటింటికీ పాకింది.

అందుకే చెవులు వినిపించేవాళ్లకూ సైగభాష వచ్చు. నడిసముద్రంలో కేక అందనంత దూరాన ఉన్నా, జాలరులు పడవ మీంచి పడవకు చేతులతోనే కబుర్లాడుకునేవారు.

1817లో హార్ట్‌ఫర్డ్‌లో బధిరుల బడి తెరిచాక దీవి పిల్లలు అక్కడ చదువుకున్నారు. వాళ్ల సైగలు అమెరికన్ సైగభాషలో కలిశాయి. బయటి సంబంధాలు పెరిగేకొద్దీ దీవిలో బధిరులు తగ్గిపోయారు. ఆఖరి బధిరురాలు 1952లో కన్నుమూసింది.

తర్వాత పరిశోధకురాలు నోరా గ్రోస్ ఆరా తీస్తే, పెద్దలు పాతవాళ్లను మంచి జాలరులుగా గుర్తుచేసుకున్నారు. వాళ్లకు చెవుడన్న సంగతి, అడిగితేగానీ తట్టలేదు.