పేడ అలికిన కోర్టు నుంచి వింబుల్డన్ దాకా: టెన్నిస్‌లో కాళ్ల కథ

జహీరాబాద్ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. ఇవాళ్టి ఎపిసోడ్ టెన్నిస్ గురించి. రాకెట్ గురించి కాదు, చేతుల గురించి కూడా కాదు. పూర్తిగా కాళ్ల గురించి. ఇందులో హీరోయిన్ మన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా.

ముందు ఒక చిన్న లెక్క చెప్తాను, బీటెక్ చదివిన పాపానికి. టెన్నిస్ కోర్టు పొడవు 23.77 మీటర్లు. గంటకి 180 కిలోమీటర్ల స్పీడుతో సర్వ్ వస్తోందంటే సెకనుకి 50 మీటర్లు. అంటే బంతి అవతలి గీత నుంచి ఇవతలి గీతకి రావడానికి దాదాపు అర సెకను. గాలికి, నేల తగిలిన తర్వాత స్పీడు తగ్గుతుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ వేసుకోండి. ఇందులో కన్ను చూసి, మెదడు అర్థం చేసుకుని, కాలికి కబురు పంపడానికే సుమారు 0.2 సెకన్లు పోతాయి. మా సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్నే లేటెన్సీ అంటారు. సర్వర్ అయితే మార్చుకోవచ్చు, నరాలు మార్చుకోలేం కదా.

అందుకే స్ప్లిట్ స్టెప్ అనేది వచ్చింది. అవతలివాళ్లు బంతిని కొట్టే క్షణానికి కొంచెం ముందు, రెండు కాళ్లూ ఎడం చేసి ఒక చిన్న గెంతు. గాల్లో ఉండగానే బంతి ఎటు వస్తోందో తెలుస్తుంది. కుడివైపు వెళ్లాలంటే ఎడమ కాలు ముందు నేలని తాకి, ఒంటిని అటు నెడుతుంది. ఇది మనకి కొత్తేం కాదు. కబడ్డీలో రైడర్ లోపలికొచ్చినప్పుడు మన కుర్రాళ్లు మడమలు నేలకి ఆనించి నిలబడతారా? మునివేళ్ల మీదే ఉంటారు. అదే ఇది.

ఇక చరిత్రకి వద్దాం. 1899లో ఇద్దరు పుట్టారు. ఫ్రాన్స్‌లో సుజాన్ లెంగ్లెన్, మన హైదరాబాద్‌లో సయ్యద్ మహమ్మద్ హాదీ. లెంగ్లెన్ 1919లో వింబుల్డన్ గెలిచినప్పుడు జనం ఆమె ఆట కంటే ముందు ఆమె బట్టల గురించి మాట్లాడుకున్నారు. అప్పటిదాకా ఆడవాళ్లు నడుముకి బిగించిన కార్సెట్‌లు, చీలమండల దాకా లంగాలు వేసుకుని ఆడేవాళ్లు. ఆ బట్టల్లో పరిగెత్తడం ఎలా కుదురుతుంది? లెంగ్లెన్ కార్సెట్ తీసేసింది, గౌను పిక్కల దాకా కుదించింది, డాన్సర్‌లా గాల్లోకి లేచి కొట్టింది. ఆడవాళ్ల ఫుట్‌వర్క్‌కి ముందు అడ్డుపడింది వాళ్ల కాళ్లు కావు, బట్టలు. 2005లో మన దగ్గర సానియా స్కర్ట్ పొడవు మీద జరిగిన రచ్చ గుర్తుందా? 86 ఏళ్ల తర్వాత కూడా అదే చర్చ!

హాదీ సాబ్ గురించి ఒక ఎపిసోడ్ మొత్తం చేయొచ్చు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడారు, డేవిస్ కప్ ఆడారు, రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ కూడా ఆయనదే. ఏడు ఆటలు ఆడతారని 'రెయిన్‌బో హాదీ' అనేవాళ్లు. ఆయన తరం భారతీయులకి పెద్ద టెన్నిస్ అంటే ముఖ్యంగా గడ్డి కోర్టే.

ఇక్కడే అసలు విషయం మొదలవుతుంది. ఫుట్‌వర్క్ అనేది ప్లేయర్ ఒంట్లో మాత్రమే ఉండదు, కింద నేలలో కూడా ఉంటుంది. గడ్డి మీద బంతి తక్కువ ఎత్తులో జారుతూ వస్తుంది, అడుగులు చిన్నగా, జాగ్రత్తగా వేయాలి. మట్టి మీద బంతి పైకి లేస్తుంది, జారుతూ వెళ్లి కొట్టడం నేర్చుకోవాలి. సిమెంట్ లాంటి హార్డ్ కోర్టు మీద కాలు నేలని పట్టుకుంటుంది, ఆగిన ప్రతిసారీ ఆ దెబ్బ చీలమండకి, మోకాలికి తగులుతుంది. ఒక నేల మీద నేర్చిన కాళ్లు ఇంకో నేల మీదికి వెళ్తే మళ్లీ అఆల నుంచి మొదలుపెట్టాలి.

1974 దాకా నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు గడ్డి మీదే జరిగేవి. రామనాథన్ కృష్ణన్ 1960, 1961లో వింబుల్డన్ సెమీస్‌కి వెళ్లింది ఆ రోజుల్లోనే. 1987 చూడండి, ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. డేవిస్ కప్ సెమీస్‌లో మనవాళ్లు సిడ్నీ వెళ్లి, గడ్డి మీద, ఆస్ట్రేలియాని 3-2తో ఓడించారు. ఫైనల్ స్వీడన్‌తో. వాళ్లు గోథెన్‌బర్గ్‌లో ఇండోర్ స్టేడియంలో మట్టి కోర్టు పరిచారు. అదే విజయ్ అమృత్‌రాజ్, అదే రమేశ్ కృష్ణన్. రిజల్ట్ 5-0, మనకి సున్నా. తర్వాతి ఏడాది ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా గడ్డి వదిలేసి హార్డ్ కోర్టుకి మారింది. మన కాళ్లకి తెలిసిన నేల ప్రపంచంలో దాదాపు మాయమైపోయింది.

సానియా పుట్టింది 1986 నవంబర్‌లో. ఆరేళ్లకి రాకెట్ పట్టేసరికి లోకమంతా హార్డ్ కోర్టుల మీదికి వెళ్లిపోయింది. మరి హైదరాబాద్‌లో ఆమె ఎక్కడ నేర్చుకుంది? పేడతో అలికిన కోర్టుల మీద. ఇది నేను చెప్తున్నది కాదు, ఆమే చాలా ఇంటర్వ్యూల్లో చెప్పింది. విదేశాల్లో వాళ్లకి ఇది వింతగా ఉంటుంది కానీ, మా జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పెరిగినవాళ్లకి ఆ నేల ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఎర్రమట్టిలో పేడ కలిపి అలికితే మొదటి రోజు నున్నగా, దుమ్ము లేకుండా ఉంటుంది. ఎండ తగిలి నాలుగు రోజులైతే పెచ్చులు లేస్తాయి, అక్కడక్కడ గుల్లగా అవుతుంది. అలాంటి చోట బంతి ఒకసారి లేస్తుంది, ఒకసారి చతికిలబడుతుంది. పరుగు మధ్యలో గట్టిగా బ్రేక్ వేయాలంటే కాలికి భయం.

అలాంటి నేల మీద పిల్ల ఏం నేర్చుకుంటుంది? దూరం పరిగెత్తి అందుకోవడం కంటే, అందిన బంతిని అక్కడికక్కడే బలంగా కొట్టి పాయింట్ ముగించడం. ఇది నా అంచనా మాత్రమే, కానీ సానియా ఆట చూస్తే సరిపోతుందనిపిస్తుంది. ఆ ఫోర్‌హ్యాండ్ చూసి ప్రపంచం నోరెళ్లబెట్టింది. 2005 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండ్ దాకా వెళ్లి సెరెనా చేతిలో 6-1, 6-4తో ఓడింది. అదే ఏడాది హైదరాబాద్ ఓపెన్ గెలిచింది. దుబాయ్‌లో, అంతకు ముందు ఏడాది యూఎస్ ఓపెన్ గెలిచిన కుజ్నెత్సోవాని ఓడించింది. యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్, అక్కడ షరపోవా అడ్డుపడింది. 2007లో సింగిల్స్ ర్యాంకు 27. ఆమె బలహీనతల గురించి రాసినవాళ్లు మాత్రం ఎప్పుడూ రెండే చెప్పేవాళ్లు: సెకండ్ సర్వ్, కదలిక.

కొందరు దాన్ని బద్ధకం అన్నారు. నాకు అది అన్యాయం అనిపిస్తుంది. కోర్టు ఒక్కటే కారణం అనను, ఒంటి తీరు కూడా ఉంటుంది. కానీ చిన్నప్పుడు కాళ్లకి పట్టిన అలవాటు ఇరవై ఏళ్లకి జిమ్‌కి వెళ్తే పోదు. పైగా మణికట్టుకి, మోకాళ్లకి కలిపి మూడు సర్జరీలు. హార్డ్ కోర్టు వసూలు చేసే వడ్డీ అలా ఉంటుంది మరి.

2013లో ఆమె సింగిల్స్ వదిలేసింది. చాలామంది ఇక అయిపోయింది అనుకున్నారు. ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. సింగిల్స్ కోర్టు వెడల్పు 8.23 మీటర్లు, మొత్తం ఒక్కరే చూసుకోవాలి. డబుల్స్ కోర్టు 10.97 మీటర్లు, ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరికి 5.49. అంటే కాపాడాల్సిన వెడల్పులో మూడింట ఒక వంతు పోయింది! ఆట సాగేటప్పుడు ఇంత సరిగ్గా గీత గీసుకుని నిలబడరనుకోండి, కానీ తేడా నిజం. ఫోర్‌హ్యాండ్ అదే, బుర్ర అదే, కాళ్ల మీద బరువు తగ్గింది. పక్కన మార్టినా హింగిస్. ఆమెది కూడా పరుగు మీద ఆధారపడ్డ ఆట కాదు, బంతి ఎటు వస్తుందో ముందే పసిగట్టి అక్కడ ఉండే ఆట.

2015 మార్చిలో ఇద్దరూ కలిశారు. ఏప్రిల్‌కల్లా సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ 1. జులైలో వింబుల్డన్ ఫైనల్, ఎదురుగా మకరోవా, వెస్నీనా. మూడో సెట్లో 2-5 వెనకబడ్డారు. అక్కడి నుంచి 5-5 దాకా లాక్కొచ్చేసరికి చీకటి పడింది. ఆట ఆపి, పైకప్పు మూసి, లైట్లు వేశారు. వీలైతే ఆ రెండు గేములూ మళ్లీ చూడండి, సానియా ముఖం కాదు, బూట్లు చూడండి. 5-7, 7-6, 7-5. వింబుల్డన్ మహిళల డబుల్స్ గెలిచిన మొదటి భారతీయురాలు. ఆ తర్వాత యూఎస్ ఓపెన్, మరుసటి ఏడాది ఆస్ట్రేలియన్ ఓపెన్, మధ్యలో వరసగా 41 మ్యాచ్‌లు ఓటమి లేకుండా.

ఇప్పుడు మా వైపు పిల్లల సంగతి. చాలా బళ్లలో టెన్నిస్ కోర్టు కాదు కదా, చదునైన గ్రౌండ్ కూడా ఉండదు. రాకెట్ తర్వాత కొనొచ్చు. ఒకళ్లు బంతి విసిరే ముందు ఇంకొకళ్లు చిన్న గెంతు వేసి, దిగుతూనే అటు కదలాలి. పది నిమిషాలు ఆడించండి, కబడ్డీ గీతల మధ్యే చాలు. ఉత్త సిమెంట్ మీద మాత్రం రోజూ వద్దు, మోకాళ్లు పాడవుతాయి. తడిపి చదును చేసిన ఎర్రమట్టి ఉంటే అంతకంటే మంచిది లేదు. అది మన దగ్గర బోలెడంత ఉంది.