ఆక్యుపంక్చర్: నొప్పి తగ్గించేది సూదా? నమ్మకమా?

మన దేశంలో ఆక్యుపంక్చర్ వేళ్లూనుకోవడంలో కోల్‌కతాది పెద్ద పాత్ర. జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకు 1938లో భారత జాతీయ కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లను పంపింది. వారిలో ద్వారకానాథ్ కోట్నిస్ 1942లో అక్కడే కన్నుమూశారు. ఆయన సహచరుడు డాక్టర్ బిజయ్ కుమార్ బసు మరుసటి ఏడాది స్వదేశానికి తిరిగొచ్చారు. 1950ల చివర్లో ఆయన మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకున్నారు. తిరిగొచ్చాక కోల్‌కతాలో ఆ చికిత్స మొదలుపెట్టారు. 1996లో పశ్చిమ బెంగాల్ ఈ విధానం కోసం ప్రత్యేకంగా చట్టం కూడా చేసింది.

అయితే ఎవరు వైద్యం చేయాలో చట్టం చెబుతుంది కానీ, ఆ వైద్యం ఎలా పనిచేస్తుందో చెప్పదు. ఆ సంగతి ప్రయోగాలే తేల్చాలి.

ఉత్తుత్తి సూదితో పరీక్ష

మందును పరీక్షించాలంటే కొందరికి అసలు మాత్ర, కొందరికి పిండి మాత్ర ఇస్తారు. మరి సూదికి? 1998లో జర్మనీ పరిశోధకులు ఒక ఉపాయం కనిపెట్టారు. నాటకాల్లో వాడే కత్తిలా, మొద్దు మొన ఉన్న సూది చర్మాన్ని తాకగానే పిడిలోకి జారిపోతుంది. రోగికి మాత్రం గుచ్చినట్టే అనిపిస్తుంది. సంప్రదాయం చెప్పిన బిందువుల్లో కాకుండా వేరేచోట పైపైన గుచ్చడం మరో పద్ధతి.

ఈ రెండో పద్ధతిలో జర్మనీలో నడుంనొప్పి ఉన్న 1,162 మందిపై చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. ఆరు నెలల తర్వాత అసలు ఆక్యుపంక్చర్ తీసుకున్నవారిలో 47.6 శాతం మందికి మెరుగైంది. ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో 44.2 శాతం మందికి మేలు కనిపించింది. మందులు, వ్యాయామం వంటి మామూలు చికిత్సతో మెరుగైనవారు 27.4 శాతమే. అంటే, ఎక్కడ గుచ్చారన్నది పెద్దగా తేడా చూపలేదు. గుచ్చించుకోవడం మాత్రం చూపింది.

దాదాపు 18 వేల మంది రోగుల వివరాలను కలిపి 2012లో చేసిన విశ్లేషణలో అసలు సూదికి, ఉత్తుత్తి సూదికి మధ్య చిన్నదే అయినా స్పష్టమైన తేడా కనిపించింది. అసలు చికిత్సకు, ఏ సూదీ లేకపోవడానికి మధ్య తేడా అంతకంటే పెద్దది.

మెదడులో ఏం జరుగుతుంది?

ఉపశమనంలో ఎక్కువ భాగం ప్లాసిబో, అంటే నమ్మకం వల్ల కలిగే ప్రభావం అనుకుందాం. అంతమాత్రాన అది భ్రమ కాదు. మన మెదడు నల్లమందు లాంటి నొప్పి నివారక రసాయనాలను తానే తయారు చేసుకుంటుంది. వాటిని అడ్డుకునే మందు నాలాక్సోన్. అది ఇస్తే ఆక్యుపంక్చర్ ఉపశమనం తగ్గిపోయినట్టు 1977లో పంటినొప్పిపై చేసిన ప్రయోగంలో తేలింది. 1978లో జ్ఞానదంతం తీయించుకున్నవారిపై మరో ప్రయోగం చేస్తే, ప్లాసిబో వల్ల తగ్గిన నొప్పి కూడా నాలాక్సోన్‌తో తిరిగొచ్చింది. తర్వాతి ప్రయోగాలన్నీ ఒకే ఫలితం ఇవ్వలేదు. అయినా నమ్మకానికీ ఒంట్లో రసాయన మార్గం ఉందని వీటితో తెలిసింది.

2005లో బ్రిటన్‌లో బొటనవేలి కీలు అరిగిన రోగుల మెదళ్లను స్కాన్ చేశారు. అసలు సూదికీ, అసలుదని నమ్మించిన ఉత్తుత్తి సూదికీ ‘మేలు జరుగుతుంది’ అనే ఎదురుచూపుతో ముడిపడిన మెదడు భాగాలు స్పందించాయి. ఇన్సులా అనే భాగం మాత్రం అసలు సూదికే ఎక్కువగా స్పందించింది. అంటే సూది మెదడుకు అదనంగా ఏదో చెబుతోంది. కానీ మెదడులో కనిపించిన ప్రతి తేడా రోగికి అదనపు ఉపశమనంగా మారదు.

వైద్యుడి మాటా మందే

2008లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 262 మంది పేగుల సమస్య రోగులను మూడు బృందాలు చేశారు. ఏ చికిత్సా లేకుండా ఎదురుచూసినవారిలో 28 శాతం మంది తగినంత ఉపశమనం పొందామన్నారు. ఉత్తుత్తి సూదులు మాత్రమే వేయించుకున్నవారిలో అది 44 శాతం. అవే సూదులతోపాటు వైద్యుడు తీరిగ్గా కూర్చుని, ఓపిగ్గా విని, ధైర్యం చెప్పినవారిలో 62 శాతం. రోగి ముఖం చూడకుండా చీటీ రాసిచ్చే హడావుడి ఓపీల్లో కొరవడుతున్నది ఇదే.

గీత ఎక్కడ గీయాలి?

2011లో అమెరికాలో ఉబ్బస రోగులపై చేసిన ప్రయోగం మరువకూడనిది. మందున్న ఇన్‌హేలర్ పీల్చినా, మందు లేనిది పీల్చినా, ఉత్తుత్తి సూదులు వేసినా రోగులు దాదాపు ఒకేలా ‘బాగుంది’ అన్నారు. కానీ ఊపిరితిత్తుల పనితీరు మందుతో 20 శాతం మెరుగుపడగా, మిగతా పద్ధతుల్లో 7 శాతమే.

నొప్పి అనుభవాన్ని నమ్మకం తగ్గించగలదు. మూసుకున్న శ్వాసనాళాన్ని అది తెరిచినట్టు కనిపించలేదు. కాబట్టి పాత నడుంనొప్పికి, తరచూ వచ్చే మైగ్రేన్‌కు, మోకాలి నొప్పికి ముందు రోగ నిర్ధారణ చేయించుకుని, తర్వాత ఆక్యుపంక్చర్ ప్రయత్నించవచ్చు. సూదులు కొత్తవేనా, ఒకసారి వాడి పారేసేవేనా అని అడగాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. ఛాతీనొప్పి, కారణం తెలియని బరువు తగ్గుదల, కాళ్లలో బలం పోవడం వంటి లక్షణాలుంటే ముందు ఆసుపత్రికే వెళ్లాలి. షుగర్, బీపీ, ఉబ్బసం మందులు మానేయమని ఎవరు చెప్పినా వినకూడదు. సూది తెచ్చిన హాయి నిజమే కావచ్చు. జబ్బు తగ్గిందనడానికి అదొక్కటే రుజువు కాదు.