ఊరివారు కట్టుకొన్న పుస్తకశాల



గుడి కట్టించినవాని పేరు శిలాశాసనమున నిలుచును. చెరువు త్రవ్వించినవాని పేరు ఊరివారి నోట నిలుచును. పుస్తకశాల కట్టించినవారిని తలచుకొనుట మాత్రము అరుదు. నేడు అట్టి యొక కట్టడమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. అది మన యూళ్ళలోనిది కాదు. చీరాల కనతిదూరమున నున్న వేటపాలెమను చేనేత గ్రామములోనిది. అయినను మదనపల్లె, పుంగనూరు, కుప్పములలో ఇంటిపన్ను చెల్లించు గృహస్థులకు ఆ కథతో పని యున్నది. అదేమో ముందు చెప్పెదను.

తెలుగుదేశమున గ్రంథాలయోద్యమము ప్రబలిన కాలమది. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోను, బెజవాడలో రామమోహన గ్రంథాలయము 1911లోను వెలసినవి. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలోనే చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతను గ్రంథాలయ మహాసభ జరిగెను. దానికి ప్రాణము పోసినవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. ఊరూర పుస్తకశాలలు పుట్టెను గాని పెక్కింటికి సొంత యిల్లు లేదు. ఒకరి వీధియరుగో, సత్రములో నొక గదియో చాలుననుకొనిరి. ఆ యింటివారికి అవసరము వచ్చిననాడు పుస్తకములు అటక కెక్కుచుండెను. అటక కెక్కినవానిని చెదలు చదివెడిది!

వేటపాలెమున 1918లో హిందూ యువజన సంఘమువారు, వి. వి. శ్రేష్ఠిగారు ముందు నిలువగా, పుస్తకభాండాగారము నొకదాని నారంభించిరి. అదే సారస్వత నికేతనము. మరి మూడేండ్లకు ప్రక్కనున్న చీరాల పేరాలలలో ఏమి జరిగినదో మీరు వినియే యుందురు. పురపాలక సంఘపు పన్నులు మోయలేమని 1921లో ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు వాకిళ్ళు విడిచి, రామనగరమను పర్ణశాలలలో నెలల తరబడి కాపురముండిరి. చిత్రమేమన, బలవంతపు పన్నుకు ఇల్లు విడిచిన యా సీమలోనే జనులు పుస్తకముల యింటికి కోరి చందా లిచ్చిరి. తొలుత లేచిన పెంకుటింటిని జమ్నాలాల్ బజాజుగారు ప్రారంభించిరి. 1929లో ఖద్దరు నిధికై ఆంధ్రదేశమున సంచరించుచు మహాత్ముడు వేటపాలెము వచ్చి నూతన భవనమునకు శంకుస్థాపన చేసెను. ఆయన చేతికర్ర అచ్చట పదిలముగా నున్నది.

చూడబోవువారు చేతికర్ర నడిగి చూతురు. నా మట్టుకు దానికంటె మిన్నయైనవి అచ్చటి పాత పత్రికల కట్టలు. కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక, భారతి మొదలైనవాని పాత సంచికలకై దేశాంతరముల నుండి కూడ పరిశోధకులు ఆ చిన్న యూరికి వచ్చుచున్నారు. చదివి పారవేయు కాగితమును దాచుటకు బుద్ధి యొక్కటి చాలదు, చోటు కావలయును. చోటున్నది గనుకనే అవి మిగిలినవి.

ఇక మన సంగతి. 1948లో మద్రాసు ప్రభుత్వము గ్రంథాలయ శాసనము చేసెను. 1950లో అది అమలునకు వచ్చెను. చిత్తూరు జిల్లా నాడు మద్రాసు రాష్ట్రములోనిది గనుక మన యూళ్ళకును అది వర్తించెను. ఇంటిపన్నులో రూపాయికి ఆరు పైలు, అనగా అర్ధణా, గ్రంథాలయ సుంకము. అర్ధణా యనిన ముప్పది రెండవ పాలు. తరువాత ఆంధ్రప్రదేశ్ శాసనము 1960లో వచ్చెను. నేడు సుంకము రూపాయికి 8 పైసలు. వేయి రూపాయల పన్ను కట్టువాడు దానిపై 80 రూపాయలు పుస్తకములకై యిచ్చుచున్నాడన్నమాట.

శాసనము మంచిదే. అది లేకున్న బీద గ్రామములకు పుస్తకము ముఖమే తెలియదు. కాని చందా యిచ్చినవాడు వారమున కొకసారి వచ్చి తన సొమ్మేమైనదో చూచుకొనెడివాడు. సుంక మిచ్చువానికి తా నిచ్చుచున్నట్లే తెలియదు. పురపాలక సంఘములును పంచాయతీలును వసూలైన సుంకమును గ్రంథాలయ సంస్థలకు జమకట్టక బకాయిపడుచున్నవని పత్రికలలో పలుమారు చదివితిమి. అడుగువాడు లేనిచోట బకాయి పెరుగుట వింత కాదు. మీ పన్ను రసీదులో ఆ పద్దు వేరుగా నున్నదేమో యొకసారి చూడుడు. కుప్పము వంటి చోట మరియొక ప్రశ్నయు నడుగవలసి యున్నది. తెలుగు, తమిళము, కన్నడము కలిసి వినబడు ఆ యూర బీరువాలో మూడు భాషలకును చోటు దొరకినదా?

మదనపల్లెవారి మాట యొకటి చెప్పి విరమించెదను. 1919 ఫిబ్రవరి 28వ తేదీన రవీంద్రకవి ఈ యూరి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసియుండి తన జనగణమన గీతము నాంగ్లమున వ్రాసెను. ఆ దినములలో తెలుగు పత్రిక లేమి ప్రకటించినవో చూడగోరిన మదనపల్లె విద్యార్థికి నేను చెప్పగల త్రోవ యొక్కటే: మద్రాసు బెజవాడల నడుమ బండి యెక్కి వేటపాలెము స్టేషనులో దిగుట.