మంచులో, ముసురులో కారు పక్క అద్దాలు: వేడి అద్దాల వినియోగం

సాలూరు దాటి సుంకి ఘాట్ రోడ్డు ఎక్కి, పొట్టంగి, సెమిలిగుడల మీదుగా కోరాపుట్ చేరే 26వ నంబరు జాతీయ రహదారిపై శీతకాలపు తెల్లవారుజామున ప్రయాణించేవారికి ఒక ఇబ్బంది సుపరిచితం. ముందు అద్దాన్ని వైపర్లు తుడుస్తూనే ఉంటాయి. పక్క అద్దాలు మాత్రం పాలు పూసినట్లు తెల్లబడి ఉంటాయి. వెనుక వస్తున్నది లారీయో, మోటారు సైకిలో తెలియదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ ప్రాంతానికి నేటికీ విజయనగరం, విశాఖపట్నాలతో నిత్యం రాకపోకలు సాగుతున్నాయి. హోసూరు, కోలారు పీఠభూముల్లోనూ, ఏర్కాడు, ఉదకమండలం కొండదారుల్లోనూ ఈ ఇబ్బంది ఉన్నదే. దీనికి పరిష్కారంగా కొన్ని కార్లలో పక్క అద్దాలను వేడిచేసే ఏర్పాటు ఉంటుంది. అయితే అది తమ కారులో ఉన్నదన్న సంగతే తెలియని యజమానులు ఉన్నారు. తెలిసినవారిలోనూ కొందరు అది హిమం కురిసే దేశాలకే పనికివస్తుందని భావించి ఆ స్విచ్ జోలికి పోరు.

అద్దం ఎందుకు చెమరుస్తుంది?

చల్లని నీళ్లు పోసిన చెంబు బయటివైపు చెమర్చడం అందరూ చూసినదే. గాలిలోని నీటి ఆవిరి తనకంటే చల్లని ఉపరితలాన్ని తాకినప్పుడు సాంద్రీకరణం చెంది సన్నని బిందువులుగా మారుతుంది. ఏ ఉష్ణోగ్రత వద్ద ఈ మార్పు మొదలవుతుందో దానిని తుషార బిందువు అంటారు. రాత్రివేళ నిర్మలమైన ఆకాశం కింద నిలిపిన కారు తన వేడిని వికిరణ రూపంలో కోల్పోతుంది. అద్దం చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడుతుంది. అందువలన తెల్లవారేసరికి దానిపై తేమ పేరుకుంటుంది. గుడ్డతో తుడిచినా అద్దం ఇంకా చల్లగానే ఉంటుంది కనుక కొద్ది నిమిషాల్లో పొర తిరిగి ఏర్పడుతుంది. ఉదకమండలం వంటి చోట్ల డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత సున్నాకు దిగినప్పుడు ఈ తేమే గడ్డకట్టి తెల్లని పొరగా మారుతుంది.

అద్దాన్ని తుషార బిందువు కంటే కొద్ది డిగ్రీలు వేడిగా ఉంచగలిగితే చాలు, తేమ నిలవదు. వేడి అద్దం పనిచేసే సూత్రం ఇదే.

నిర్మాణం, పనితీరు

అద్దం వెనుక భాగాన సన్నని వేడి పొర ఒకటి అతికించి ఉంటుంది. అందులోని నిరోధం గల వాహకం గుండా కారు బ్యాటరీ నుంచి 12 వోల్టుల విద్యుత్తు ప్రవహించినప్పుడు వేడి పుడుతుంది. ఒక్కొక్క అద్దానికి సాధారణంగా పది, ఇరవై వాట్ల విద్యుత్తు సరిపోతుంది. ఈ కొద్దిపాటి వేడి అద్దమంతటా పరచుకొని, తేమను నెమ్మదిగా ఆవిరి చేస్తుంది. కొన్ని పొరల్లో వేడి పెరిగినకొద్దీ నిరోధం పెరిగే పదార్థాన్ని వాడతారు. దానివలన అద్దం మితిమీరి వేడెక్కదు.

చాలా కార్లలో దీనికి విడిగా స్విచ్ ఉండదు. వెనుక అద్దాన్ని వేడిచేసే స్విచ్ నొక్కితే పక్క అద్దాలూ వేడెక్కుతాయి. ఆ స్విచ్‌పై దీర్ఘచతురస్రం, దానిలో పైకి లేచే మూడు వంకర బాణాలు ఉంటాయి. దాదాపు ఇటువంటి గుర్తే విసనకర్ర ఆకారంలో ఉంటే అది ముందు అద్దానికి గాలి పంపే స్విచ్ అని గ్రహించాలి. ఈ రెండింటినీ పొరబడేవారు చాలామంది. ఏ గుర్తు దేనిదో కారుతో ఇచ్చిన చేతిపుస్తకంలో చూసుకోవడం మేలు.

వాడవలసిన తీరు

మొదట ఇంజను స్టార్ట్ చేయాలి. ఇంజను ఆపి ఉండగా వాడితే, ముఖ్యంగా వెనుక అద్దం కూడా కలిసి పనిచేసే కార్లలో, బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. తర్వాత స్విచ్ నొక్కి, అద్దం తేటపడే వరకు కొద్ది నిమిషాలు ఆగాలి. బయలుదేరిన తర్వాత చూద్దామనుకోవడం సరికాదు. కారు కదిలితే ఎదురుగాలికి అద్దం చల్లబడి, వేడెక్కడం ఆలస్యమవుతుంది. పలు కార్లలో పది, పదిహేను నిమిషాల తర్వాత ఈ ఏర్పాటు తనంతట తానే ఆగిపోతుంది. దారిలో మంచు మళ్లీ కమ్మితే స్విచ్ మళ్లీ నొక్కాలి.

ముసురు, తుంపర ఉన్నప్పుడు కూడా ఇది ఉపకరిస్తుంది. కానీ కుండపోత వానలో దీని నుంచి అద్భుతాలు ఆశించరాదు. ఒక బిందువు ఆరేలోగా పది బిందువులు వచ్చి పడతాయి. అటువంటప్పుడు వేగం తగ్గించడం, వీలైతే రోడ్డు పక్కన సురక్షిత స్థలంలో ఆగడం తప్ప మార్గం లేదు.

పక్క కిటికీని మరువరాదు

డ్రైవరు పక్క అద్దాన్ని చూసేది కిటికీ గాజు గుండానే. అద్దం తేటగా ఉన్నా కిటికీ మసకబారితే ప్రయోజనం లేదు. మసక లోపలివైపు ఉంటే ఏసీ వేయాలి. అది లోపలి గాలిలోని తేమను తీసివేస్తుంది. డ్యాష్‌బోర్డు రెండు చివర్ల ఉండే గాలి రంధ్రాలను కిటికీల వైపు తిప్పాలి. మసక బయటివైపు ఉంటే కారణం వేరు. ఏసీ మితిమీరిన చలువకు గాజు చల్లబడి, బయటి తేమను ఆకర్షిస్తున్నదని అర్థం. అప్పుడు ఏసీ చల్లదనాన్ని తగ్గించాలి. వానకాలంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. బయటి మసకను పోగొట్టాలని ఏసీని ఇంకా పెంచుతారు.

పరీక్ష, మరమ్మతు

వేడి పొర పనిచేస్తున్నదో లేదో ఇంటివద్దే తెలుసుకోవచ్చు. చల్లని ఉదయాన ఇంజను స్టార్ట్ చేసి, స్విచ్ నొక్కి, ఐదు నిమిషాల తర్వాత రెండు అద్దాలనూ వేలితో తాకి చూడాలి. రెండూ చల్లగా ఉంటే ఫ్యూజు పోయి ఉండవచ్చు. ఒకటే చల్లగా ఉంటే ఆ వైపు తీగ ఊడిందో, వేడి పొర చెడిందో చూడాలి.

మరొక కారణమూ ఉన్నది. పగిలిన అద్దాన్ని మార్పించుకున్నప్పుడు కొన్ని దుకాణాల్లో చవకగా దొరికే మామూలు అద్దాన్ని బిగించి, లోపలి తీగలను అలాగే వదిలివేస్తారు. చూపుకు తేడా కనిపించదు. లోపం బయటపడేది మంచు కమ్మిన ఘాట్ రోడ్డు మీదే. కనుక కొత్త అద్దం వెనుక తీగలు తగిలించే రెండు కొనలు ఉన్నాయో లేవో బిగించకముందే చూసుకోవాలి.

ఈ ఏర్పాటు లేని కార్లకు

రాత్రి కారు నిలిపినప్పుడు పక్క అద్దాలకు గుడ్డ సంచి తొడిగితే ఉదయం తేమ చాలావరకు తప్పుతుంది. పొడి నూలు గుడ్డను చేతికందేలా ఉంచుకొని, కారు ఆపిన తర్వాతనే తుడవాలి. కదిలే కారులోంచి చేయి బయట పెట్టి తుడవడం ప్రమాదకరం. చల్లని అద్దంపై వేడినీళ్లు పోస్తే గాజు చిట్లవచ్చు. నూనె, కిరోసిన్ వంటివి పూస్తే రాత్రి వెనుక వాహనాల కాంతి చెదిరి, చూపు మరింత మసకబారుతుంది. వేడి పొరను విడిగా కొని అమర్చుకునేవారు దానికి సొంత ఫ్యూజు, రిలే ఉండేలా తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి.

అద్దం ఎంత తేటగా ఉన్నా అందులో కనిపించని ప్రాంతం కొంత ఉంటుంది. కుంభాకార దర్పణంలో వెనుక వాహనం చిన్నదిగా, ఉన్నదానికంటే దూరంగా తోస్తుంది. మంచులో ఆ భ్రమ మరింత పెరుగుతుంది. అందుచేత ఘాట్ రోడ్డుపై ముందు వాహనాన్ని దాటదలచినవారు అద్దాన్ని చూసిన తర్వాత ఒకసారి మెడ తిప్పి కూడా చూడాలి. వెనుక ఉన్నది కనబడనప్పుడు దాటకపోవడమే సరైన నిర్ణయం.